ఆకాశానికి తీసిన తరుగు

షిరీన్ ఆ వారమంతా నేల మీద నడవలేదు. నడవదు మరి! అందరి సూపర్‌నోవాలూ, అంటే చచ్చే నక్షత్రాలు, ఏదో ఒక గెలాక్సీలో పేలితే, ఆమె పరిశోధిస్తున్నది మాత్రం ఏ గెలాక్సీ లేనిచోట పేలింది. ఆ పేలుడు వెలుగు ఆరిపోయాక, ఏడాదికి టెలిస్కోపుతో తీసిన ఫొటో ఒకటి సీడీలో వచ్చింది. అక్కడ మిగిలిన కాంతి కొలిస్తే సున్నా, అంటే గెలాక్సీ లేనట్టే. ఇంకేం, 2004 హైదరాబాద్ సదస్సుకి డిపార్ట్‌మెంట్ నుంచి ఒక్కరికే చోటుంటే, గైడు జక్రయ్య గారు ఆమెకే ఇచ్చేశారు. పక్క కంప్యూటర్ దగ్గర కూర్చునే లక్ష్మీకాంత్ ఆ చోటు కోసమే రెండేళ్లుగా కళ్లలో వత్తులు వేసుకుని చూస్తున్నాడు, పాపం.

ప్రయాణం రేపనగా లక్ష్మీకాంత్ ఆమెను టీ కొట్టు దగ్గరికి పిలిచాడు.

"ఏమనుకోకు షిరీన్. ఫొటోలో ఆకాశం సొంత వెలుగు కూడా పడుతుందిగా, లెక్కలో అది ఎంత తీసేశావ్?"

"ఫొటో మొత్తానికి సగటు కట్టి, అన్నిచోట్లా అంతే తీసేశా. ఏం?"

"ఆ రోజు వెన్నెలుంది. ఫొటోలో ఓ పక్కంతా తెల్లగా ఉంది. నువ్వు కొలిచిన మూల చీకటి. అక్కడ ఉన్నదానికంటే ఎక్కువ తీసేశావేమో, చూడు."

షిరీన్ టీ గ్లాసు పక్కన పెట్టేసింది. గుంటూరు మిర్చి యార్డు పిల్ల ఆమె. నాన్న గౌస్ బాషా కొట్లో గోతం తడిదైనా పొడిదైనా, దాని బరువు కింద బస్తాకింత అని ఒకటే తరుగు తీసేస్తారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూసిన లెక్క. ఆకాశానికీ అదే కట్టేసింది మహాతల్లి!

పరుగున వెళ్లి, ఈసారి ఆ చోటు చుట్టూ ఉన్న ఆకాశాన్నే కొలిచి, అంతే తీసేసింది. గెలాక్సీ బయటపడింది. మసగ్గా, చిన్నగా, ఉండాల్సిన చోటే ఉంది. సదస్సులో అంతమంది ముందు ఇది ఎవరైనా అడిగుంటేనో! మళ్లీ టీ కొట్టు దగ్గరికొచ్చి లక్ష్మీకాంత్‌ని నిలదీసింది.

"సార్‌కి చెప్పుంటే నువ్వే వెళ్లేవాడివి కదా. నాకెందుకు చెప్పావ్?"

"నీ తప్పు నువ్వే దిద్దుకుంటే నీకు మాట రాదుగా. వెళ్లి చెప్పు. నేను చూసిన సంగతి ఎవరికీ తెలీదు."

జక్రయ్య గారు కొత్త లెక్క చూసి గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. "గండం గడిచిందమ్మా. నువ్వే పట్టుకున్నావా?"

అవునంటే అయిపోయేది. గుమ్మంలో నిలబడ్డ లక్ష్మీకాంత్ కూడా అవునని చెప్పమనే సైగ చేస్తున్నాడు.

"లేదు సార్, లక్ష్మీకాంత్ పట్టుకున్నాడు. సదస్సుకి తనే వెళ్లాలి."

మర్నాడు బస్టాండుకి వెళ్లి అతన్ని దగ్గరుండి బస్సెక్కించింది. కిటికీ దగ్గరికొచ్చి, కళ్లు తుడుచుకోకుండానే చెప్పింది.

"తప్పు ఎవరైనా పట్టుకుంటారు లక్ష్మీకాంత్. పట్టుకున్నాక నా పరువు నా చేతికే ఇచ్చావ్ చూడు, అది బతికున్నన్నాళ్లూ మర్చిపోను."