ఎర్రగుడ్డల కంచె

అమెరికాలో, మోంటానాలోని ఆ లోయలో తోడేళ్లు మళ్లీ దిగాయని తెలియగానే అందరికన్నా ముందు గొంతు చించుకున్నవాడు మెర్ల్ హౌగెన్. వాటిని ఏరిపారేయాలని ప్రభుత్వానికి అర్జీ రాసిందీ అతనే. సంతకాలు పోగుచేసే పని మాత్రం పొరుగున ఆవులు మేపుకునే డ్వైట్ నెత్తిన పెట్టాడు.

అర్జీ కదిలేదాకా తోడేళ్లు ఆగవు కదా! ఫిబ్రవరిలో ఒక గొర్రెను లాక్కుపోయాయి. మెర్ల్ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా మూడు వారాలు కష్టపడి, పచ్చిక చుట్టూ తాడు లాగి, మూరకొక ఎర్రగుడ్డ పేలిక కట్టాడు. అవి గాలికి రెపరెపలాడుతుంటే తోడేలు దాటదు. దాటలేదు కూడా. ఇక మనవాడు ఛాతీ విరుచుకుని తిరిగాడు.

ఏప్రిల్‌లో గొర్రెలు ఈనాయి. ముప్పై ఒక్క పిల్లలు. ఈ ఏడాదీ పిల్లలు దక్కకపోతే మంద అమ్మేయాల్సిందేనని అతని భార్య లోర్నా ముందే తేల్చి చెప్పింది. తల్లి వదిలేసిన పిల్లలకు పొయ్యి పక్కన కూర్చుని సీసాతో పాలు పట్టేది ఆవిడే మరి.

పది రోజుల్లో ఐదు పిల్లలు పోయాయి. అది తోడేలు పని కాదు, దానిలో సగం కూడా ఉండని, నక్కలాంటి కొయోట్ల పని. మెర్ల్ ఒకదాన్ని కాల్చి, మిగతావాటికి బుద్ధి రావాలని తన తండ్రి చేసినట్టే గేటుకు వేలాడదీశాడు. మర్నాడు దాని కిందనుంచే ఇంకొకటి ఆరో పిల్లను నోట కరుచుకుని దర్జాగా వెళ్లిపోయింది.

అడవి జంతువుల మీద పరిశోధన చేసే టెస్ అనే అమ్మాయి పటం పట్టుకొచ్చింది. మెడకు రేడియో పట్టీ కట్టిన ఒక కొయోట్ తిరిగిన చోటల్లా అందులో చుక్కలున్నాయి. ముప్పాతిక చుక్కలు మెర్ల్ ఇంటి చుట్టే.

"ఇదివరకు ఇది కొండమీదే ఉండేదండీ. తోడేళ్లు తరిమితే ఇళ్ల వైపు దిగింది. మనుషులున్న చోటికి తోడేళ్లు అంతగా రావు కదా."

"ఇళ్లు బోలెడున్నాయి. మా మీదే ఎందుకమ్మా అంత ప్రేమ?"

"మీ గుడ్డలండీ. తోడేలుకి గుడ్డలంటే భయం. కొయోట్‌కి తోడేలంటే భయం."

"మరి నేనంటే?"

"చుక్కలు చూశారుగా," అంటూ టెస్ పటం చుట్టేసింది.

లోర్నా పకపకా నవ్వింది. "ఏమయ్యా, మూడు వారాలు కష్టపడి దానికి కోట కట్టిపెట్టావా!" అంతలోనే ఒళ్లోని పిల్లను చూసి నవ్వు ఆపేసింది. "ఇంకా ఇరవై ఐదున్నాయి. నీ పౌరుషం పట్టించి వీటిని బతికించలేను."

మెర్ల్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ మధ్యాహ్నమే గొర్రెల్ని దొడ్లోకి తోలి, తాడును వాగువైపు విప్పేసి దొడ్డి చుట్టూ మాత్రం బిగించాడు. వాగు ఒడ్డున కొయోట్లు కాపురం పెట్టిన తుప్పలు గుడ్డల బయట పడ్డాయి. ఇక తోడేళ్లు రావడమే తరువాయి.

అవి వస్తేగా! రోజూ తెల్లవారగానే కాఫీ కప్పుతో వాకిట్లో నిలబడి కొండవైపు చెవి ఒగ్గేవాడు. "అల్లుడింకా రాలేదా?" అని లోర్నా దెప్పేది.

ఐదో రోజు వాగు ఒడ్డున అరచేయంత తోడేలు అడుగులు కనిపించాయి. తుప్పలు ఖాళీ. దొడ్లో ఇరవై ఐదూ ఉన్నాయి. మెర్ల్ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే డ్వైట్ అర్జీ కాగితాలతో దిగాడు. "లోయంతా సంతకాలు పెట్టేశారు బాబాయ్. నీదొక్కటే మిగిలింది. పెట్టు."

మెర్ల్ కలం తీసుకుని, బురదలోని అడుగుల వైపు చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"పిల్లలు పాలు మానేదాకా ఆగరా," అన్నాడు గొంతు తగ్గించి. "ఈలోగా తోడేళ్లనెవరూ అదిలించొద్దని చెప్పు."