మైకక్క నోరు మూసుకున్న రోజు

మూడో టేకు కూడా పోయింది.

"కట్," అన్నాడు దర్శకుడు. ఈసారి అరవలేదు. అందుకే కెమెరా ముందున్న ఆమెకు ఇంకా భయం వేసింది. "భోజనాలు కానివ్వండి. తర్వాత ఇంకొక్క టేకు. అప్పటికీ మాట రాకపోతే ఏమీ అనుకోవద్దమ్మా, ఇంకొకరిని చూసుకుంటాను."

ఆ ఇంకొకావిడ అప్పటికే మేకప్ గదిలో కూర్చుని ఉంది.

కెమెరా ముందున్న ఈమె మాత్రం ఇంటింటికీ తెలిసిన సీరియల్ కోడలు. వీధిలో కనిపిస్తే ముసలమ్మలు ఆపి మరీ, "మీ అత్త నోట్లో గడ్డి ఎప్పుడు పెడతావే?" అని అడుగుతారు. అలాంటిది తొలి సినిమాలో నోరు పెగలడం లేదు. మాటలు రాక కాదు, కంఠతా వచ్చు. చిక్కంతా అలవాటుతోనే. సీరియల్లో గొంతులు తర్వాత డబ్బింగులో చేరుస్తారు. అందుకని కెమెరా పక్కన ఒకరు నిలబడి కాగితం చూసి ప్రతి మాటా పైకి చదువుతారు, నటులు విని అందుకుంటారు. ఈ సినిమాకు శబ్దం అక్కడికక్కడే రికార్డు చేస్తున్నారు. సూది పడినా వినిపించేంత నిశ్శబ్దం. అందులో ఆమె చెవి ఒక గొంతు కోసం వెతుకుతోంది.

ఆ గొంతు మైకక్కది. పక్క ఫ్లోర్‌లో తీస్తున్న ఆ సీరియల్లోనే పని. కబురు అందగానే వచ్చింది.

"ఏమే, మా గడప దాటగానే మూగనోము పట్టావట?"

"నవ్వకక్కా. నా పని అయిపోయేలా ఉంది. సీనులో నాన్న పడుకునే ఆ మంచం కింద దూరి మెల్లగా అందించవూ?"

"నా 'మెల్లగా' నీకు తెలీదా? గేటు దగ్గర వాచ్‌మన్ కూడా నీ డైలాగు అప్పజెబుతాడు. పైగా ఈ ఒళ్లు మంచం కింద దూరితే, నాన్న వేషం వేసే పెద్దాయన మంచంతో సహా పైకి లేస్తాడు."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ట్రే పట్టుకుని గోడవారగా నిలబడే వేషాల రోజుల్లో, "ఆ పిల్లకీ ఒక మాట ఇవ్వండి, నోరుందిగా," అని పట్టుబట్టింది ఈ అక్కే. "అమ్మగారూ, ఫోన్!" అన్న ఆ ఒక్క మాటా ఇలా పలకాలని చెవిలో పోసిందీ ఈ అక్కే.

"సరేలే. నీకు కనిపించేలా నిలబడతా. పెదాలు మాత్రం కదుపుతా," అంది మైకక్క. సౌండ్ ఇంజనీరు వచ్చి, రెపరెపలాడుతుందని ఆమె చేతిలోని కాగితం లాగేసుకున్నాడు. "పోనీ, ఒక్క మాటేగా," అని గొణిగింది.

"యాక్షన్!"

కూతురి వేషంలో ఆమె తలుపు తోసుకుని వచ్చింది. కోట్లాడి ఇల్లు విడిచిన కూతురు. మంచం మీద తండ్రి వేషంలో ఉన్న పెద్దాయన కష్టంగా తల తిప్పాడు.

"వచ్చావా తల్లీ? తలుపు తీసే ఉంది కదూ?"

ఇప్పుడు తన మాట. ఆమె పెద్దాయన భుజం మీదుగా చూసింది. మైకక్క పెదాలు కదలడం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మంచం మీది మనిషినే చూస్తూ బొటబొటా ఏడుస్తోంది. అందించాలన్న సంగతే మరిచిపోయింది.

కొంప మునిగింది!

అయినా, ఎన్ని చావులు, ఎన్ని పెళ్లిళ్లు చదివినా చలించని అక్క అంతగా ఏం చూస్తోంది? ఆమె కూడా అటు తిరిగింది. పెద్దాయన కళ్లు ఆమె మీదే ఉన్నాయి. జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తున్నాయి. పొద్దుటి నుంచీ అలాగే అడుగుతున్నాడు కాబోలు. తనే వినలేదు.

"నువ్వెప్పుడు వేశావు గనక, నాన్నా!"

ఎవరూ అందించకుండానే వచ్చింది.

"కట్! ఓకే!" దర్శకుడు కుర్చీలోంచి లేచాడు. "ఇదమ్మా నాక్కావలసింది! రేపు పెందలాడే రండి, తర్వాతి సీను తీద్దాం."

ఆమె పరుగున వెళ్లి మైకక్కను వాటేసుకుంది. "కాపాడావక్కా!"

"నేనా? చెయ్యాల్సిన ఒక్క పనీ మరిచిపోయాను!" మైకక్క ముక్కు తుడుచుకుంది. "ఇన్నేళ్లు నీ పక్కనే నిలబడ్డానే. చూపంతా కాగితంలోనే. నువ్వు నటిస్తుంటే చూడటం ఇదే మొదలు."

"ఎలా ఉందక్కా?"

"బాగుందే. నిజంగా బాగుంది." కాసేపు అలాగే పట్టుకుని ఉంది. ఉన్నట్టుండి ఉలిక్కిపడింది. "వదులు, వదులు! అవతల ఫ్లోర్‌లో మీ సీరియల్ అత్త చెయ్యెత్తి నిలబడి ఉంది. నేను వెళ్లి తర్వాతి మాట చెబితేగాని దించదు!"