పదో మలుపు సీసా

ఆ కొండ మీద కురిసిన ప్రతి చుక్కా కింద ఉన్న జలాశయంలోకి దిగాల్సిందే, అక్కడి నుంచి ఊరందరి గ్లాసుల్లోకి రావాల్సిందే. అందుకే కొండ చుట్టూ కంచె వేసి, పురుగును కూడా అడిగి లోపలికి పంపేంత భద్రంగా కాపాడుతున్నారు. అలాంటి చోట జనం నడవడానికి కాలిబాట వేస్తానని ఒకడు బయల్దేరితే పైవాళ్ళు నవ్వరూ? నవ్వారు. బాటల మేస్త్రి పట్టు వదల్లేదు. కాళ్ళరిగేలా తిరిగి ఒప్పించి, పదకొండేళ్ళకు పది మలుపుల దారి పూర్తి చేశాడు.

ఆయన పద్ధతి ఆయనది. చెంబెడు నీళ్ళు నేల మీద పోసి, అవి ఎటు పోతాయో చూడనిదే పార పట్టేవాడు కాదు. నీళ్ళు బాట వెంట పరుగెత్తాయంటే మట్టిని కూడా లాక్కుపోతాయి. అందుకని దారి పొడవునా బయటివైపుకు కాస్త వాలు పెట్టాడు. రాలిన ఆకుల్ని ఎవరైనా కదిపితే ఇంతెత్తున లేచేవాడు. వాన నేరుగా మట్టిని కొట్టకుండా ఆకులే దారికి దుప్పటి అనేవాడు. "ఇంట్లో దుప్పటి మడతపెట్టడం మాత్రం చేతకాదు" అని భార్య మూతి తిప్పేది.

ఇక మిగిలింది ఒక్క పరీక్ష. మొదటి పెద్దవానకు, బాటకు ఎగువనా దిగువనా వాగు నీళ్ళు పట్టి చూస్తారు. దిగువ నీళ్ళు ఎక్కువ కలకబారి ఉంటే దారి తెరవరు. ఆ నీళ్ళు పరీక్షించే ల్యాబు ఉద్యోగి ఎవరో కాదు, మేస్త్రి కూతురే. "ఇంకేం, ఇంట్లో పనేగా!" అన్నారు తోటి పనివాళ్ళు. వాళ్ళకు ఆ పిల్ల సంగతి తెలియదు.

బుధవారం పొద్దున్నే కుండపోతగా కురిసింది. తండ్రీ కూతుళ్ళు రెయిన్‌కోట్లు తగిలించుకుని కొండెక్కారు. నిబంధన ప్రకారం రెండు సీసాలు చాలు. ఆమె పైన ఒకటి, ప్రతి మలుపు దిగువనా ఒకటి, మొత్తం పదకొండు నింపింది.

"ఇన్నెందుకే తల్లీ, మోయలేక చావాలి."

"కలక ఉంటే ఎక్కడిదో తెలియాలి కదా నాన్నా."

మేస్త్రికి ముచ్చటేసింది. సీసాల సంచీ తనే భుజాన వేసుకున్నాడు.

మధ్యాహ్నం ల్యాబులో జలాశయం ఇంజనీరు కూడా వచ్చి కూర్చున్నాడు. ఆమె ఒక్కో సీసా కలక కొలిచే మీటరులో పెట్టి అంకె పైకి చదివింది. ఎగువ నీళ్ళు మూడు. మొదటి మలుపు మూడు. రెండోదీ మూడే. తొమ్మిదో మలుపు దాకా అంకె కదల్లేదు. మేస్త్రికి నేల మీద కాలు ఆనడం లేదు.

పదో మలుపు సీసా దగ్గర ఆమె ఆగింది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది.

"తొమ్మిది" అంది మెల్లగా.

మేస్త్రి గుండెల్లో రాయి పడింది. అంకె ఎందుకు పెరిగిందో ఆయనకు తెలుసు. ఆదివారం దారి తెరవడానికి పెద్దవాళ్ళు వస్తారని, గేటు దగ్గర దారి కళకళలాడాలని, నిన్ననే పదో మలుపు మీది ఆకులన్నీ చీపురుతో ఊడ్చేశాడు. పదకొండేళ్ళలో ఆ ఒక్కసారే, అదీ తన చేత్తోనే.

"తొమ్మిదో మలుపు అంకెనే దిగువదని రాసేయమ్మా," అన్నాడు ఇంజనీరు. "ఆదివారానికి అందర్నీ పిలిచేశాను. ఒక్క సీసాకు కొంపలేం మునిగిపోవు."

నిజం చెప్పాలంటే మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. తను ఊరుకుంటే చాలు, దారి తెరుచుకుంటుంది. కూతురి వైపు చూశాడు. ఆమె తండ్రి వైపు చూడలేదు. కలం మూత తీసింది.

"రాస్తే పదకొండూ రాస్తాను సార్. వద్దంటే ఇంకెవరితోనైనా రాయించుకోండి."

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "తప్పు నాదండీ. అక్కడ ఆకులు ఊడ్చింది నేనే. అమ్మాయి రాసింది అలాగే ఉండనివ్వండి. దారి మళ్ళీ సరిచేస్తాను, ఇంకో పెద్దవానకు చూద్దాం."

"ఆ వాన వచ్చే ఏడు పడొచ్చు. మీరు అప్పటికి రిటైరైపోతారు!"

"పడనివ్వండి. అప్పటికి నా ఉద్యోగం పోతుందేమో గానీ నా కాళ్ళు పోవుగా!"

ఆదివారం జనం రానే వచ్చారు, బూట్లు బిగించుకుని, సంచులు తగిలించుకుని. గేటుకు 'దారి మూసి ఉంది' అన్న బోర్డు వేలాడుతోంది. దాని పక్కనే మేస్త్రి నిలబడి, వచ్చినవాళ్ళకల్లా చేతులు జోడించి వెనక్కి పంపుతున్నాడు. చుట్టాలతో సహా వచ్చిన ఒక పెద్దమనిషికి ఒళ్ళు మండింది.

"ఇంత చక్కటి దారిని మూయించిన ఆ మహానుభావుడెవరండీ?"

మేస్త్రి నడుం నిటారుగా చేసి, వెనక వరసలో ఉన్నవాళ్ళకు కూడా వినబడేలా చెప్పాడు.

"మా అమ్మాయండీ!"