చెవి దాటని చప్పుడు

పాప చెవి పనిచేస్తోంది, కానీ చప్పుడు మెదడుకు చేరడం లేదు. తెరమీద గీత మొదట్లో కాస్త కదిలి, ఆపైన చదునుగా సాగిపోతుంటే తల్లి పాపను ఇంకా దగ్గరకు పొదువుకుంది.

తలుపులు బిగించిన చిన్న గది. గోడలనిండా మెత్తలు. నుదుటిమీద, చెవుల వెనక తీగలు అంటించిన ఏడాది పాప ఆమె ఒడిలో నిద్రపోతోంది.

“ఇందాకటి పరీక్షలో పాసైంది కదండీ!” అంది తల్లి.

“అది లోపలి చెవి వరకేనమ్మా. అక్కణ్ణుంచి మోసుకెళ్లాల్సిన నరమే ఉలకడం లేదు.” వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు, పాప చెవిలోకి పంపే టిక్ టిక్ శబ్దాల తరంగాన్ని తిరగేసి మళ్లీ పంపింది. గీత మొదట్లోని చిన్న అలలు తలకిందులయ్యాయి. “చూశారా? ఇవి చెవివే. నరానివైతే ఇలా తిరగబడవు.”

తండ్రి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వెల్డింగ్ షాపు నుంచి నేరుగా వచ్చాడు. చొక్కానిండా నిప్పురవ్వల చిల్లులు.

“పాప నాన్నగారూ, ఊపిరి పీల్చుకోవచ్చు, మిషను ఏమనుకోదు” అని, ఆడియాలజిస్టు అసలు ప్రశ్న వేసింది. “పుట్టినప్పుడు కామెర్లు ముదిరాయా? ముదిరితే ఈ నరం దెబ్బతింటుంది.”

“కాన్పయ్యాక నాకు ఒంటిమీద తెలివే లేదు, వేరే ఆసుపత్రిలో పడున్నా” అంది తల్లి. “అంతా ఈయనే చూసుకున్నారు. ఏవండీ?”

“అబ్బే, అలాంటివేం లేవు” అన్నాడు నేల చూస్తూ.

ఆడియాలజిస్టు ముఖం వాడిపోయింది. “అయితే నరం పుట్టుకతోనే లేదేమో. స్కాన్‌లో అదే తేలితే చెవిలో పరికరం అమర్చినా లాభం ఉండదు. కామెర్ల వల్లయితే నరం ఉంటుంది, కాస్త ఆశా ఉంటుంది.”

“నా కడుపే పాడుది!” తల్లి నెత్తి బాదుకుంది. “నేనే దాన్ని సరిగ్గా మోయలేదు. ఏం తింటే ఇలా అయిందో, ఏం తినకపోతే అయిందో!”

ఒడిలో పాప కదల్లేదు. ఆ ఏడుపు దానిదాకా చేరితేగా!

“ఆపు! చేతులు దించు!” భర్త గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చాడు. ఆమె ముందు మోకాళ్లమీద కూలబడ్డాడు.

“కామెర్లున్నాయి. అవి తగ్గడానికి నీలి లైటు కింద పడుకోబెట్టారు. కళ్లకు కట్టిన గుడ్డ మాటిమాటికీ జారిపోయేది. వెల్డింగ్ వెలుగుకి కళ్లెలా మండుతాయో నాకు తెలుసు. పిల్ల గుడ్డిదైపోతుందని హడలిపోయా. నర్సు అటు వెళ్లగానే స్విచ్ ఆపేసేవాణ్ణి, వస్తుంటే వేసేవాణ్ణి. కామెర్లు దిగలేదు. రక్తం మార్చాలంటే భయపడి, వద్దని సంతకం పెట్టి తెచ్చేశా. మెల్లగా తగ్గాయి, గండం గడిచిందనుకున్నా. నీకెలా చెప్పను? నీ కడుపుదేం తప్పు లేదే. ఆ లైటు ఆపింది నేను. దాని కళ్లు కాపాడుతున్నాననుకున్నా.”