మాత్ర మింగని అవ్వ

ఆ ఆదివారం వర్తూరు ఇంట్లో ఉన్నది నవ్యక్క, చంద్రశేఖర్ బావ, బావ వాళ్ళమ్మ గౌరమ్మత్త, అక్క ఆఫీసు నుంచి వచ్చిన చేతన్, ఇంకా నేను. కాలేజీలో పీయూసీ చదవడానికి బాగేపల్లి దగ్గరి మా పల్లె నుంచి వచ్చి వాళ్ళింట్లోనే ఉంటున్నాను.

అక్క, చేతన్ కంప్యూటర్లో ఒక ఆట తయారు చేస్తున్నారు. బీపీ ఉన్నవాళ్ళకు మాత్రలిచ్చే నర్సులకు అది పాఠం. అందులో ఒక అవ్వ ఉంది. ఆమె ఏం చెయ్యాలో అక్క ముందుగా రాయదు. ఆమెకేం కావాలి, ఏం నమ్ముతుంది, దేనికి భయపడుతుంది, అంతే రాస్తుంది. ఆపైన అవ్వే నిర్ణయించుకుంటుంది. అట్లాంటి బొమ్మను ఏజెంట్ అంటారట.

"ఈ అవ్వ మరీ మంచిది, ఏమిచ్చినా మింగేస్తాది. ఇంక నర్సు నేర్చుకునేదేముంది? పల్లెలో చూసుంటావు కదే, చెప్పు," అని ముందు వారం అక్క నన్ను అడిగింది.

ఆ ఇంట్లో నన్ను అట్లా అడగడం అదే మొదలు. చెప్పేశాను. ఒక అవ్వ మాత్ర నాలుక కింద పెట్టుకుంటుంది. నోరు తెరిచి చూపిస్తుంది. కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోయాలని పెరట్లోకి పోయి ఉమ్మేస్తుంది. మాత్రతో తల తిరుగుతోందని చెబితే పొయ్యి దగ్గరికి రానివ్వరని ఆమె భయం.

"ఎవరే ఆమె?"

"మా ఊళ్ళో ఒకామె."

ఊళ్ళో అట్లాంటి ఆమె ఎవరూ లేరు. అది గౌరమ్మత్త. ఒకసారి నేను చూసేస్తే, "ఎవురికీ చెప్పొద్దు పాపా," అని నా చెయ్యి పట్టుకుంది.

ఆదివారం అందరినీ కూర్చోబెట్టి ఆట చూపించారు. ఆటలో చేతన్ నర్సు. తెర మీది అవ్వ మాత్ర తీసుకుని, నోరు తెరిచి చూపించి, చెంబుతో పెరట్లోని కరివేపాకు చెట్టు దగ్గరికి పోయి, "తల తిరుగుతాదంటే పొయ్యి దగ్గరికి రానీరు" అని గొణుక్కుంటూ ఉమ్మేసింది.

"ఏం కిలాడి అవ్వప్పా," అని చేతన్ నవ్వాడు.

బావ నవ్వలేదు. లేచి పెరట్లోకి పోయి, కరివేపాకు మొదట్లో పుల్లతో కెలికి, సగం కరిగిన తెల్ల మాత్రలు అరచేతిలో తెచ్చాడు.

"ఇదేందమ్మా?"

అత్త ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది.

"తల తిరుగుతుంటే ఇంక పొయ్యి దగ్గరికి పోవద్దు. వంటమనిషిని పెడతాం," అన్నాడు బావ.

"నా తల తిరిగితే తిరిగింది. నీ కూడు ఎప్పుడన్నా మాడిందేమప్పా?" అని అత్త లేచి వంటింట్లోకి పోయింది.

చెప్పడమే మంచిదైంది, లేకుంటే ఆమెకు ఏమయ్యేదో అనుకుందామని చూశాను. కుదరలేదు. ఆమె మంచి కోరి ఉంటే బావకే చెప్పేదాన్ని. నేను చెప్పింది, "భలే చెప్పినావే" అని అక్క అంటుందని. అనింది కూడా.

రోజూ ఆ వేళకు నేనే ఉల్లిగడ్డలు కోసిస్తాను. కత్తిపీట తీసుకుని వంటింటి గడప దగ్గరికి పోయాను.

"కోస్తానత్తా."

ఆమె నా చేతిలోంచి కత్తిపీట తీసుకుంది.

"నువ్వు పోయి ఆ ఆట చూసుకో పాపా," అని మెల్లగా తలుపు మూసింది.