ఫ్రీవీల్‌లో నల్ల గ్రీజు

మొదటి దెబ్బ గాలి పంపుకి తగిలింది, రెండోది నీలవేణికి.

పంపు ఇనపది కాబట్టి పక్కకి ఒరిగి ఊరుకుంది. నీలవేణి ఊరుకునే రకం కాదు. చెంప పగలగొట్టిన చెయ్యి ఎవరిదో కూడా చూసుకోకుండా, చేతిలో ఉన్న పానాతో ఎదుటివాడి భుజం మీద ఒక్కటిచ్చింది. ఎముక మీద ఇనుము పడిన చప్పుడు రోడ్డవతల టీ కొట్టు దాకా వినిపించింది. మొహం అప్పుడు చూసింది. లక్ష్ముడు. నాలుగు రోజుల కిందట కాలవ వంతెన దగ్గర ఇసుక లారీ కింద పడి చచ్చిపోయిన గోవింద్‌కి సొంత తమ్ముడు.

వాడి వెనకాలే జాలర్ల పేట నుంచి ఏడెనిమిది మంది మగాళ్లు వచ్చారు. అందులో ఇద్దరు గోవింద్ సైకిలు మోసుకొచ్చి కొట్టు ముందు దబ్బున పడేశారు. ముందు చక్రం వంకర్లు తిరిగిపోయింది. హ్యాండిలు వెనక్కి మడతపడింది. వెనక చక్రానికి మాత్రం గీత కూడా పడలేదు.

"సూడవే నీ పనితనం," అన్నాడు లక్ష్ముడు భుజం పట్టుకుని. "వంతెన ఎక్కుడులో నిలబడి తొక్కినాడు మా అన్న. పెడలు ఒట్టిగా తిరిగిపోనాది. పక్కకి పడ్డాడు, ఎనకాల లారీ ఎక్కేసినాది. కళ్లారా సూసినోలు సెప్పినారు. ఆ సైకిల్ని నువ్వు తప్ప ఇంకెవులు ముట్టుకున్నారే?"

"నాను ఎట్టింది నూనె చుక్కలే," అంది నీలవేణి. చిట్లిన పెదవిలోంచి నోట్లోకి రక్తం ఊరితే పక్కకి ఉమ్మింది. "నా పనిలో తేడా లేదు. ఇప్పి సూడు."

చూడ్డానికి రాలేదు వాళ్లు. ఒకడు గ్రీజు డబ్బాల అరని కాలితో తన్నాడు. ఇంకొకడు దండేనికి వేలాడుతున్న టైర్లన్నీ లాగి రోడ్డు మీదకి విసిరాడు. లక్ష్ముడు ఆమె జుట్టు దొరకబుచ్చుకుని పనిబల్ల మీద తల బాదాడు. నీలవేణి కళ్ల ముందు ఒక్క క్షణం అంతా తెల్లగా అయిపోయింది. అయినా చెయ్యి తడుముకుంటూ పోయి పాత గొలుసు ఒకటి పట్టుకుంది. పిడికిలికి రెండు చుట్లు చుట్టి, వెనక్కి తిరక్కుండానే విసిరింది. అది లక్ష్ముడి చెవిని కోసుకుంటూ పోయింది. వాడు జుట్టు వదిలేశాడు.

నీలవేణి కూర్మయ్య కూతురు. కళింగపట్నం రోడ్డు మలుపులో ఆ సైకిలు కొట్టు కూర్మయ్య పెట్టింది. ఆయన పోయాక పన్నెండేళ్లుగా ఆమే నడుపుతోంది. తీరం నుంచి చేపల పెట్టెలు కట్టుకుని లోపలి ఊళ్లకి తొక్కేవాళ్ల సైకిళ్లన్నీ ఆమె చేతి కింద బతికేవే. పెట్టెలోంచి కారే ఉప్పునీళ్లు ఇనుముని తినేస్తాయి. అందుకని చక్రం ఇరుసులో గోళీలు సగం మునిగేలా గట్టి గ్రీజు పెడుతుంది, నీళ్లకి కొట్టుకుపోని రకం. పెడళ్ల ఇరుసుకీ అదే. గొలుసుకి పలచటి నూనె రాసి, పైన మిగిలిందంతా గుడ్డతో తుడిచేస్తుంది, లేకపోతే ఇసుక పట్టి పళ్లు అరిగిపోతాయి. వెనక చక్రం పక్కనుండే ఫ్రీవీల్‌లోకి మాత్రం కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు, అంతే. దాని లోపల వెంట్రుకంత స్ప్రింగుల మీద లేచే రెండు చిన్న ఇనప నాలుకలుంటాయి. మనిషి తొక్కే బలమంతా చక్రానికి అందేది ఆ రెండింటి వల్లే. తొక్కడం ఆపినప్పుడు టిక్కుటిక్కుమనేది కూడా వాటి చప్పుడే. చిక్కటి గ్రీజు పడితే అవి అతుక్కుపోయి లేవవు. ఈ ముక్క ఎవరు మరిచిపోయినా ఆమె తిట్టి మరీ గుర్తుచేసేది.

గోవింద్‌ని కూడా తిట్టింది. ఆమెని సొంత అక్కలా అప్పా అని పిలిచేవాడు. చనిపోవడానికి పది రోజుల ముందు వచ్చి, "అప్పా, ఉప్పునీళ్లకి ఫ్రీవీల్ కిర్రుమంటన్నాది, దీన్నిండా నీ గట్టి గ్రీజు కూరేయరాదేటి, వారం వారం తిరగనేక సస్తన్నాను," అని అడిగాడు.

"బుర్రున్నాదేటిరా నీకు? ఉప్పునీళ్లు తగిల్తే వారానికోపాలి రావలిసిందే. రానేకపోతే నడిసెళ్లు," అంది.

గోవింద్ నవ్వుతూనే వెళ్లాడు. తిట్లకి అలవాటు పడ్డవాడు. కానీ ఆ తర్వాత వారం రాలేదు.

ఇక్కడో సంగతి ఉంది. నీలవేణి దాన్ని పోలీసులకి చెప్పలేదు, టీ కొట్టువాడికి చెప్పలేదు, నాలుగు రాత్రులుగా తనకి తాను చెప్పుకోవడం కూడా మానేసింది. గోవింద్ ఆఖరి నాలుగు రోజులూ పొద్దున్నే ఆ మలుపులో ఆమె ముందు నుంచే వెళ్లాడు. మలుపు దగ్గర పెడలు ఆపి, చెయ్యి ఊపి, జారుకుంటూ పోయాడు. టిక్కు అన్న చప్పుడు ఒక్కటి వినపడలేదు. ఫ్రీవీల్‌ని ఎవరో గ్రీజుతో నింపేశారని ఆమెకి మొదటి రోజే తెలిసిపోయింది. తనని కాదని ఇంకొకరి దగ్గరికి పోయాడని ఒళ్లు మండిపోయింది. ఒక్క కేక వేస్తే ఆగేవాడు. వెయ్యలేదు. పైగా, ఒకసారి బోర్లా పడితే గానీ వీడికి బుద్ధి రాదని మనసులో అనుకుంది.

లక్ష్ముడు చెవి మీద చెయ్యి పెట్టుకుని, ఆ రక్తం చూసుకుని, నడుములోంచి చేపలు కోసే కత్తి తీశాడు.

"కొట్టు తగలెట్టేయండ్రా," అన్నాడు. "దీని సంగతి నాను సూస్తాను."

ఒకడు కిరసనాయిలు డబ్బా వంచాడు. వాసన గుప్పుమంది. నీలవేణి గోడకి ఆనుకుని, గొలుసు చుట్టిన పిడికిలి ముందుకి పెట్టింది. తన చావు ఈ కిరసనాయిలు మడుగులోనే రాసుందేమో అనుకుంది. భయం వేసింది, దాచడం దేనికి. కానీ ఆ భయంలోనూ, తను పెట్టని గ్రీజుకి తన తండ్రి కొట్టు బూడిదైపోతుందే అన్న ఉక్రోషమే ముందుంది.

"ముందు ఫ్రీవీల్ ఇప్పనీండి," అంది గట్టిగా. "మీ అందరి ముందరా ఇప్పుతాను. నా చేతి గ్రీజు అందులో ఉంటే నా కుడిసెయ్యి ఇక్కడే నరికేయ్. కొట్టు కూడా నువ్వే తగలెట్టు."

"మాటలాపి సావవే."

"ఇప్పనీ, మరిదీ."

అందరూ వెనక్కి తిరిగారు. గోవింద్ పెళ్లాం యమున. పెద్దకర్మ కాకుండా గుమ్మం దాటకూడని మనిషి, పేట నుంచి ఇంత దూరం చెప్పుల్లేకుండా నడిచి వచ్చింది. మొహం కడుక్కుని ఎన్నాళ్లయిందో. ఆమె గొంతు పెంచలేదు. "మీ అన్న ఎందుకు పడిపోనాడో నాకు తెలవాలి. ఇప్పనీ," అంది మళ్లీ.

కిరసనాయిలు వంచుతున్నవాడు డబ్బా కింద పెట్టాడు. లక్ష్ముడు మాత్రం కత్తి దించలేదు. నీలవేణి చక్రం ఊడదీసి బల్ల మీద పడుకోబెడుతుంటే, ఆమె కుడి మణికట్టుకి కత్తి అంచు ఆనించి నిలబడ్డాడు. ఆమె కదిలినప్పుడల్లా చర్మం కొద్దికొద్దిగా తెగుతూ వచ్చింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు. ఫ్రీవీల్ మూత రింగుకి ఎదురు మర ఉంటుంది. దాని గుంటలో ఉలి ఆనించి, బిగించే వైపు తిప్పినట్టుగా సుత్తితో కొట్టాలి. నాలుగు దెబ్బలకి కదిలింది.

మామూలుగా అయితే మూత తీయగానే లోపలి చిన్న గోళీలు ఆవగింజల్లా జలజలా రాలతాయి. ఒక్కటీ రాలలేదు. లోపలంతా నల్లటి ముద్ద. పళ్ల చక్రం పైకి లాగితే జిగురుగా సాగుతూ వచ్చింది. నాలుకలు రెండూ ఆ ముద్దలో పడుకుని ఉన్నాయి. నీలవేణి గోరుతో ఒకదాన్ని పైకెత్తి, నొక్కి వదిలింది. టక్కున లేవాల్సింది లేవలేదు.

"ఇదిగో మీ అన్నని పడగొట్టింది," అంది. "ఎండలో మెత్తబడి ఎలాగో పని సేసుంటాది. ఆ రోజు పొద్దున్న మంచు ఎక్కువై గడ్డకట్టేసినాది. నా దగ్గరున్నది తేనె రంగు గ్రీజు. కింద పారబోసేరు కదా, సూసుకోండి. నల్ల గ్రీజు నా కొట్లో ఏనాడూ లేదు."

జనంలోంచి చినబాబు ముందుకొచ్చాడు. లక్ష్ముడు పనిచేసే బోటు ఆయనదే. అరవై దాటిన మనిషి. వేలితో ఆ ముద్ద కొంచెం తీసి, రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు.

"ఇది మన బోటుదిరా," అన్నాడు. "ఇంజను కింద ఇరుసుకి ఎట్టేది. సముద్రంలో నెల్లాళ్లున్నా కరగదు."

మణికట్టు మీద కత్తి బరువు తగ్గడం నీలవేణికి తెలిసింది. తలెత్తి చూస్తే లక్ష్ముడి మొహం పాలిపోయి ఉంది.

"నానే," అన్నాడు వాడు. "అన్న కిర్రుమంటన్నాదని ఏడిస్తే నానే ఎట్టినాను. గ్రీజు డబ్బాలో కాసి, సైకిలు పడుకోబెట్టి, సందులోంచి పోసినాను. నీళ్లలాగ దిగిపోనాది. బోటుకి మంచిదైతే సైకిలుకి మంచిది కాదేటి అనుకున్నాను. సప్పుడు లేకండా ఎల్తన్నాదిరా అని అన్న సంబరపడినాడు."

కత్తి కిందపడింది. ఆ తర్వాత వాడు చేసింది ఎవరూ ఊహించలేదు. బల్ల మీది సుత్తి ఎడం చేత్తో అందుకున్నాడు. గ్రీజు పోసిన కుడిచెయ్యి బల్ల అంచున పరిచి, బలం కొద్దీ కొట్టాడు. చిటికెన వేలు నుజ్జయింది. వాడు అరవలేదు. మళ్లీ ఎత్తాడు. ఇద్దరు మీద పడితే వాళ్లని మోచేత్తో పొడిచి పక్కకి నెట్టేశాడు, ఒకడి ముక్కు పగిలింది. రెండో దెబ్బ చెయ్యి వెనక పడింది. లోపల ఏదో విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

నీలవేణి వాడి ఎడం చేతిని రెండు చేతులా పట్టుకుని వేలాడింది. వాడు ఆమెని కూడా కలిపి పైకెత్తాడు. పడవ తాళ్లు లాగిన చెయ్యి అది, ఆమె వల్ల ఆగేది కాదు. మూడో దెబ్బ పడితే వాడి కుడిచెయ్యి ఇక వల పట్టదని ఆమెకి తెలుసు. పట్టు వదిలేసి గోడకి చేరితే ఈ కథ ఇక్కడితో తనకి క్షేమంగా ముగుస్తుందని కూడా తెలుసు. కొట్టు మిగిలింది. పేరు మిగిలింది. నిజం అందరి ముందూ తేలింది. వాడు తన చెయ్యి తను విరగ్గొట్టుకుంటే తన తప్పేముంది?

కానీ వాడు ఏడుస్తున్నాడు, సుత్తి ఎత్తుతూనే ఏడుస్తున్నాడు. ఆ ఏడుపులో సగం తనకి రావలసిందని ఆమెకి అనిపించింది.

"నాకు తెలుసురా," అని అరిచింది వాడి చెవిలో. "ఒరే లక్ష్ముడూ, నాకు ముందే తెలుసు."

సుత్తి గాల్లో ఆగింది.

"నాలుగు రోజులు నా ముందు నుంచే ఎల్లినాడు. సప్పుడు లేదు. లోపల గ్రీజు కూరేసినారని మొదటి రోజే తెలిసిపోనాది నాకు. పిలిస్తే ఆగేవోడు. నన్ను కాదని ఎక్కడికో పోనాడని కోపం వచ్చి పిలవనేదు. పడితే బుద్ధొస్తాదనుకున్నాను. నువ్వు తెలీక పోసినావు. నాను తెలిసి ఊరుకున్నాను. ఎవులి సెయ్యి ఇరగ్గొట్టాలో ఆలోసించుకో."

లక్ష్ముడు ఆమెని చూశాడు. సుత్తి వాడి చేతిలోంచి జారి కాళ్ల దగ్గర పడింది. వాడు కూడా అక్కడే, ఆ కిరసనాయిలు తడిలోనే కూలబడి, నలిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగిపోయాడు. చినబాబు తన పైపంచె చింపి వాడి చేతికి చుట్టడం మొదలుపెట్టాడు. ముక్కు పగిలినవాడు ఆటో కోసం రోడ్డు మీదకి పరిగెత్తాడు.

యమున కదిలింది. జనం దారి ఇచ్చారు. మరిది దగ్గరికి వెళ్తుందనుకున్నారు అందరూ. ఆమె వాడి పక్కన ఒక్క క్షణం ఆగి, వాడి తల మీద చెయ్యి వేసి తీసింది. తర్వాత నీలవేణి ముందుకి వచ్చి నిలబడింది.

"ఆయన నిన్ను అప్పా అనీవోడు," అంది.



యమున కొట్టింది. బక్కపలచని మనిషి, నాలుగు రోజులుగా తిండి లేని మనిషి. ఆ దెబ్బలో బలం పెద్దగా లేదు. మళ్లీ కొట్టింది. మూడోసారి కొట్టినప్పుడు నీలవేణి పెదవి చిట్లిన చోటే తగిలి రక్తం గడ్డం మీదకి కారింది.

ఆ పొద్దున తన మీద పడిన ప్రతి దెబ్బకీ నీలవేణి బదులిచ్చింది. ఇప్పుడు మాత్రం పిడికిలికి చుట్టిన గొలుసు విప్పి నేల మీద పడేసింది. చేతులు రెండూ కిందికి దించుకుని, యమున చెయ్యి అలిసిపోయేదాకా అలాగే నిలబడింది.