ఎర్ర దారం కట్టిన డబ్బా

ఆ రోజుల్లో జిద్దా నుంచి తాండూరుకు దిగిన ప్రతివాడి భుజానా ఒక టేప్ రికార్డర్ ఉండేది. ఖుర్షీద్ మాత్రం దాన్ని ఇక్కడి నుంచి అక్కడికి మోసుకుపోవాల్సి వచ్చింది. అక్కడ మొగుడు ముర్తుజా దగ్గరున్నది పాడైపోయిందట. "మీ ఇంట్ల అంతా ఉల్టానే" అని వాడకట్టు ఆడవాళ్లు ఆట పట్టించారు. ఆమె కూడా నవ్వింది. పెళ్లయినాక మొదటిసారి, పిల్లలిద్దరితో మూడు నెలలు మొగుడి దగ్గర ఉండబోతోంది మరి.

రమ్మని రాసిన ఉత్తరం చివర ముర్తుజా ఒకే మాట రాశాడు: ఏం మరిచినా సరే, అమ్మ కేసెట్టు మరవకు.

అత్త అలీమాబీ పోయే వారం ముందు, ఆయాసపడుతూనే కొడుకు కోసం మాట్లాడి పట్టించిన కేసెట్టు అది. పంపడానికి అటు పోయేవాళ్లు దొరికేలోపే ఆమె పోయింది. ముర్తుజాకు సెలవు దొరకలేదు. తల్లి మీద పిడికెడు మన్ను కూడా వేయలేకపోయాడు. అంతకుముందు కేసెట్లు ఏవీ మిగల్లేదు. వచ్చిన కేసెట్టు విని, దాని మీదే జవాబు పట్టి పంపడం వాళ్లకు అలవాటు. తల్లి గొంతు మీద కొడుకు గొంతు, కొడుకు గొంతు మీద తల్లి గొంతు. మిగిలింది ఇదొక్కటే.

అందుకే ఖుర్షీద్ దాని డబ్బాకు ఎర్ర దారం కట్టింది. అత్త తలమీద కప్పుకునే ఓణీలో చుట్టి పెట్టె అడుగున దాచింది. అక్కడితో ఊరుకుంటే ఏ బాధా లేకపోయేది. ప్రయాణానికి ముందురోజు మనసాగక తీసి, ఇంకోసారి విని, ఏడ్చి, ఆ ఏడుపులోనే డబ్బాకు దారం మళ్లీ కట్టి దాచింది.

ప్రయాణం నాడు తమ్ముడు బాషా టేప్ రికార్డర్ కోసం పాత బొంత ముక్కలు అట్టపెట్టెలో పరుస్తూ తొందర పెట్టాడు. "ఆపా, జల్ది గానియ్. సెల్లులు తీసెయ్, కారితే మిషన్ కరాబైతది. సాయంత్రం బొంబాయి బండి ఆగది మనకోసం."

అప్పుడే పక్కింటి రుక్కమ్మ వచ్చింది. ఆమె మొగుడు నర్సప్ప నిరుడే రాళ్ల గని పని విడిచి జిద్దా పోయాడు. "చెల్లె, జర రెండు మాటలు పట్టియ్యవా ఆయనకు? సదువు రాకపాయె" అంది.

కాదంటే పాపం తగులుతుంది. కొత్త కేసెట్టు పొద్దున్నే మిషన్‌లో పెట్టాననుకుంది ఖుర్షీద్. మొదటికి తిప్పి, గొంతు పట్టే రెండు మీటలూ కలిపి నొక్కింది. కొత్త కేసెట్టును మొదటికి తిప్పే పనేముంటుందన్నది అప్పుడు తట్టలేదు.

రుక్కమ్మ రెండు మాటలన్నది పావుగంట మాట్లాడింది. "గొర్లు మంచిగున్నయి. పోరి నడుస్తున్నది. నువ్వు యాల్లకింత తిను..." చివరికి కళ్లు తుడుచుకుని బయట అరుగు మీద కూర్చుంది.

కేసెట్టుకు డబ్బా కోసం ఖుర్షీద్ గూట్లో చెయ్యి పెట్టింది. కొత్త కేసెట్టు కాగితం కూడా విప్పకుండా అక్కడే ఉంది. పెట్టె అడుగు దాకా బట్టలన్నీ లాగేసి ఓణీ విప్పింది. ఎర్ర దారం కట్టింది కట్టినట్టే ఉంది. లోపల ఏమీ లేదు.

రుక్కమ్మ మాట ఆగిన చోటి నుంచి వినడానికి మీట నొక్కింది. కాసేపు గరగర. ఒక దగ్గు. ఆ వెనకే అత్త గొంతు: "బస్, బంద్ చెయ్ ఖుర్షీద్. ఊకె సెల్లులు అయిపోతయి."

అంతే. ఆ తర్వాత ఏమీ లేదు. కొడుకుకు ఆమె చెప్పుకున్నదంతా గొర్ల కింద పడిపోయింది. తన చేతులు తానే విరుచుకోవాలనిపించింది ఖుర్షీద్‌కు. జిద్దాలో దిగగానే ఆయన చెయ్యి చాపి అడిగేది దీన్నే.

"మంచిగ పడ్డదా చెల్లె?" అరుగు మీంచి రుక్కమ్మ అడిగింది.

"మంచిగ పడ్డదక్కా" అంది.

కేసెట్టును ఎర్ర దారం డబ్బాలోనే పెట్టింది. బాషా మళ్లీ కేకేశాడు. ఖుర్షీద్ అత్త చెప్పినట్టే మిషన్ బంద్ చేసి, సెల్లులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.